తీసుకొచ్చినవాడు చెప్పిన మాట

నాకు ఇంగ్లీషు తన్నులతో వచ్చింది. మా ఊరి సర్కారు బడిలో ఆరో తరగతి నుంచి రోజుకు పది మీనింగులు బోర్డు మీద రాసేవాళ్ళు. మర్నాడు పొద్దున్నే అప్పజెప్పాలి. తప్పిన ఒక్కో మీనింగుకి చింత బరికతో ఒక్కో దెబ్బ. అది కూడా అరచేతి మీద కాదు, చెయ్యి తిప్పించి వేళ్ళ కణుపుల మీద. ఫాల్ అంటే పడుట, స్లిప్ అంటే జారుట, హర్ట్ అంటే గాయపరచుట. ఈ మూడూ ఒకే రోజు బోర్డు మీదికొచ్చాయి, మర్నాడు మూడూ తప్పాను. ఆ సాయంత్రం వేళ్ళు వాచి అన్నం కలుపుకోలేకపోతే మా అక్క ముద్దలు చేసి తినిపించింది.

అక్క నాకంటే మూడు తరగతులు ముందు. మర్నాటి నుంచి బడికి నడిచే దారంతా నన్ను తనే అడిగేది. తప్పితే కొట్టేది కాదు, "మల్ల చెప్పు" అనేది. మళ్ళీ తప్పితే మళ్ళీ "మల్ల చెప్పు". ప్రాణం తోడేసేది. ఎనిమిదో తరగతికొచ్చేసరికి మా క్లాసులో దెబ్బ తినని పిల్లను నేనొక్కదాన్నే. నన్ను కాపాడింది అక్క. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత నేను చేసిన పని చదివి మీరు నన్ను తిట్టుకునేటప్పుడు ఇది కూడా కలుపుకుని తిట్టుకోండి.

ఇప్పుడు నేను అడవి అంచున ఒక సర్కారు దవాఖానాలో రిజిస్టరు రాస్తాను. ఏ ఊరో చెప్పను. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. దెబ్బలు తగిలి వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు నా బల్ల దగ్గర ఆగాల్సిందే. పేరు, వయసు, ఊరు రాశాక రెండు గడులుంటాయి. ఒకటి బ్రాట్ బై, అంటే ఎవరు తీసుకొచ్చారు. రెండోది కాజ్ ఆఫ్ ఇంజురీ, అంటే దెబ్బ ఎట్లా తగిలింది. మూలుగుతున్న మనిషిని ఏం విసిగిస్తాంలే అని, తీసుకొచ్చినవాళ్ళనే అడిగి రెండో గడి నింపడం మా దగ్గర అలవాటు. ఎవరో రాసి పెట్టిన రూలు కాదు. నేను చేరేనాటికే అట్లా నడుస్తోంది, నేనూ అట్లాగే నడిపాను.

ఆ గడిలో పడే మాటకు చాలా బలం ఉంది. అసాల్ట్ అని రాస్తే డాక్టరు పోలీసులకు కబురు పంపాలి. ఫాల్ అని రాస్తే కట్టు కట్టి ఇంటికి పంపించేయొచ్చు.

ఏళ్ళ తరబడి రాసి రాసి ఒక సంగతి కనిపెట్టాను. నిజంగా పడ్డవాళ్ళు తెలుగులో పడతారు. అశ్వారావుపేట వైపు ఆయిల్‌పామ్ తోటలో గెల కోస్తూ పడ్డవాడు, ఆ గెల ఎంత బరువుందో, మేస్త్రీ ఏమన్నాడో, పొద్దున ఏం తిని వచ్చాడో అన్నీ చెబుతాడు. తునికాకు కోయబోయి బండ మీంచి జారిన ముసలమ్మ, తెగిన చెప్పు ఎన్నాళ్ళ కింద కొన్నదో చెప్పి గానీ ఏ కాలు విరిగిందో చెప్పదు. కొట్టబడ్డవాళ్ళు మాత్రం ఇంగ్లీషులో పడతారు. "స్లిప్ అయింది మేడం." అంతే, ముందూ లేదు వెనకా లేదు. ఇంట్లో బాత్రూమే లేని ఆడవాళ్ళు కూడా బాత్రూంలో స్లిప్ అవుతారు. చెంప మీద ఐదు వేళ్ళతో స్లిప్ అవుతారు. వీపు మీద బెల్టు బకిల్ అచ్చుతో స్లిప్ అవుతారు. ఆ మాట చెప్పేది వాళ్ళు కాదు, పక్కన నిలబడ్డ మొగుడు. ఇంత కనిపెట్టి నేనేం చేశానయ్యా అంటే, ఫాల్ అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

ఒకసారి పై గూడేల నుంచి ఒక పోడు రైతును యూనిఫాంలో ఉన్న ఇద్దరు మనుషులు జీపులో తెచ్చారు. "చెట్టు మీంచి పడ్డడు, ఫాల్ అని రాస్కోండి" అన్నారు. చొక్కా ఎత్తితే వీపు నిండా అడ్డంగా, వరసగా, కర్ర మందాన వాతలు. ఏ చెట్టు మీంచి పడితే అట్లాంటి వాతలు తేలతాయి? వెంట వచ్చిన అతని భార్యకు తెలుగు రాదు. తన భాషలో ఒకే మాట పదిసార్లు అంది. అంటూ చెయ్యెత్తి గాల్లో కొట్టి చూపించింది. ఆ మాటకు మీనింగు నాతో ఎవరూ అప్పజెప్పించుకోలేదు, అయినా తెలిసిపోయింది. యూనిఫాం ఆయన నా పెన్ను వైపే చూస్తున్నాడు. ఫాల్ అని రాశాను. ఆమె నా బల్ల మీద ఉమ్మేసింది. దవాఖానా ఊడ్చే ఆయమ్మ తిట్టుకుంటూ తుడిచింది. ఆ రోజంతా నాకు ఒళ్ళు మండిపోయింది, అది కూడా ఆ ఆడమనిషి మీదే. సిగ్గులేకుండా చెబుతున్నాను.

అక్కను మణుగూరులో ఇచ్చారు. బావ బొగ్గు గనిలో కాంట్రాక్టు మీద డంపర్ నడుపుతాడు. మనిషి మంచి మాటకారి. పెళ్ళి నాడే నన్ను "మరదలా, నీ ఇంగ్లీషు ముందల నేనెంత" అని ఆటపట్టించాడు. రెండో ఏడు నుంచి అక్క ఫోన్‌లో ఇంగ్లీషు పెరగడం మొదలైంది. "ఏం లేదే, డ్యూటీలో ఆయనకు జర టెన్షన్." "కొంచెం కంట్రోల్ తప్పిండు, అంతే." "నేనే అడ్జస్ట్ అయిత తియ్." ఒకప్పుడు నాకు మీనింగులు నేర్పిన మనిషి, ఆ మాటల్ని గాయం మీద గుడ్డ కప్పినట్టు కప్పుతోంది. తెలుగులో ఏమైందో చెప్పమంటే సిగ్నల్ లేదనేది.

మా అమ్మ బడి మొహం చూడలేదు. నాతోనే ఉంటుంది. ఆమెకు ఓ పది ఇంగ్లీషు మాటలు వచ్చు. టెన్షన్, అడ్జస్ట్, సీరియస్, కంట్రోల్... లెక్కేసి చూస్తే అన్నీ మొగుడితో కాపురం చేయడానికి పనికొచ్చేవే. వాటిల్లో ఒక్కటి కూడా మా నాన్న నోట నేను ఎన్నడూ వినలేదు. ఆయనకు వాటితో అవసరం పడలేదు.

మొదటిసారి బావ అక్కను నా దగ్గరికి తెచ్చింది ఒక చలికాలం మధ్యాహ్నం. వాళ్ళ కాలనీ దవాఖానాలో అందరూ తెలిసినవాళ్ళు, అందుకని బండి మీద ఇంత దూరం తెచ్చాడు. విరిగిన చేత్తో ఆ గుంతల రోడ్డంతా ఎట్లా కూర్చుందో నా ఊహకు ఇప్పటికీ అందదు. ఎడమ చెయ్యి చున్నీలో వేలాడుతోంది. కింది దవడ వాచి నోరు తెరుచుకోవడం లేదు. ముందు పన్ను ఒకటి లేదు. పెదవి కింద ఎండిన నెత్తురు.

"బాత్రూంలో స్లిప్ అయింది మరదలా" అన్నాడు బావ. "డాక్టర్ సాబ్‌ను జర జల్దీ చూడమను."

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. ఆ చూపుకు నేనే మీనింగు చెప్పుకున్నాను: కేసు చేయకే, నా కాపురం పోతది. పక్కకు పోయి అమ్మకు ఫోన్ చేశాను. "ఆయన నౌకరి పోతే అది ఏం తింటది బిడ్డా? గమ్మునుండు. జర అడ్జస్ట్ కానియ్" అంది అమ్మ ఏడుస్తూనే. వెనక్కి వచ్చి రాశాను. బ్రాట్ బై హస్బెండ్. కాజ్ ఆఫ్ ఇంజురీ, యాక్సిడెంటల్ ఫాల్ ఇన్ బాత్రూం. స్పెల్లింగులన్నీ కరెక్టు. చీటీ మీద కూడా అదే ఎక్కించి బావ చేతికిచ్చాను. డాక్టరు చీటీ చూశాడు, నా మొహం చూశాడు, చేతికి పిండికట్టు వేశాడు. ఆ లోపల బావ ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టుకు పోయి ఆ చీటీని లామినేషన్ చేయించుకొచ్చాడు. "మంచిగ దాస్కోవాలె గద" అని నవ్వాడు. దవాఖానా చీటీకి లామినేషన్ ఎందుకో నాకప్పుడు తట్టలేదు. తెలివి ఉండాల్సిన చోట చేతిరాత ఉంది నాకు.

రెండోసారి ఎండాకాలం. పొద్దున పది గంటలకు పక్కింటామె, చెల్లెలున్న దవాఖానా అని ఆటోలో ఇక్కడికే తెచ్చింది. బావ కుక్కర్ మూతతో తల పగలగొట్టాడు. చీర పైనుంచి కింది దాకా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పడిపోయాక కాలితో తన్నిన తన్నులకు రెండు పక్కటెముకలు పోయాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఒక కేక. మా అక్క గొంతులోంచి అట్లాంటి చప్పుడు వస్తుందని నాకు తెలియదు. పక్కింటామె గుమ్మం వైపు చూస్తూ, "నేను తీస్కొచ్చిన మేడం, గంతే. నాకేం తెల్వదు" అంది. నా రెండో గడి ఖాళీగా ఉంది. అక్కను లోపలికి తీసుకుపోయారు.

పావుగంటకు బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆపిల్ పండ్ల కవరు. నా బల్ల మీద మోచేతులు ఆనించి, రిజిస్టరు తన వైపు కొంచెం తిప్పుకుని చూశాడు.

"ఇంక రాయలేదా? మంచిగైంది. పోయినసారి లెక్కనే ఫాల్ అని రాయి. జర టెన్షన్ల ఉండి చెయ్యి లేచింది. లైట్ తీస్కో మరదలా."

బల్ల మీద కాగితాలకు చిల్లులు పెట్టే ఇనప మిషన్ ఉంటుంది, పిడికిలి కంటే పెద్దది. దాన్నెత్తి అతని నుదుటి మీద కొట్టాను. రెండోసారి కొట్టబోతే ఆయమ్మ నన్ను వెనక నుంచి పట్టేసింది. పట్టుకోకపోతే ఆగేదాన్ని కాదు. కొట్టినందుకు అప్పుడూ బాధ లేదు, ఇప్పుడూ లేదు. ఆ ఇనుము ఎముకకు తగిలిన చప్పుడు నా చేతికి హాయిగా ఉంది. ఆ హాయికే నాకు భయం వేసింది. ఇదేనా వాడికి రోజూ ఉండేది అనిపించింది.

బావ నుదురు తడిమి వేళ్ళు చూసుకున్నాడు. కనుబొమ మీద వెంట్రుకవాసి చీరుకుంది, నాలుగు చుక్కలు. అరవలేదు. చాలా నిదానంగా, "ఇది అసాల్ట్" అన్నాడు. తర్వాత రిజిస్టరు మీద వేలు పెట్టి చూపించాడు. "రాయి. బ్రాట్ బై, నేనే నడిచొచ్చిన, సెల్ఫ్. కాజ్ ఆఫ్ ఇంజురీ, అసాల్ట్."

ఆ మాట అతనికి వచ్చు. మొదటి నుంచీ వచ్చు. నేను పెన్ను ముట్టకపోతే డ్యూటీ నర్సు వచ్చి రాసింది. ఆమె తప్పేం లేదు, కళ్ళ ముందు నెత్తురుంది, చెప్పే మనిషి ఉన్నాడు, ఐదు నిమిషాల్లో అయిపోయింది. అక్కకు ఇన్నేళ్ళలో రాని మాట, ప్లాస్టరు ముక్కతో సరిపోయే గీతకు వచ్చేసింది. అప్పుడు పై వరసలో అక్క పేరు ఎదురుగా నేను కూడా అసాల్ట్ అని రాశాను. నా జన్మలో మొదటిసారి రాశాను. అక్షరాలు వంకర పోయాయి.

అక్కకు నడవడానికి వచ్చాక స్టేషన్‌కు పిలిపించారు. కౌన్సెలింగ్ అన్నారు. ఎస్సై చెడ్డ మనిషేం కాదు, అలసిపోయిన మనిషి. మాకు టీ తెప్పించాడు. బల్లకు అటు బావ, ఇటు తలకు కట్టుతో అక్క, పక్కన నేను. బావ జేబులోంచి లామినేషన్ చేసిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. ఫ్యాను గాలికి కూడా కదలలేదు అది.

"చూడమ్మా" అన్నాడు ఎస్సై. "పోయినసారి పడ్డదని మీ దవాఖానా కాయితమే చెప్తున్నది. ఇప్పుడు కొట్టిండంటె, ఈమెకు పడే అలవాటున్నదని రేపు వాళ్ళ వకీలు అంటడు. ఇంకోటి, అటు దిక్కు నీ మీద అసాల్ట్ కంప్లైంట్ ఉన్నది. కేసు ఎక్కితే నీ ఔట్‌సోర్సింగ్ నౌకరి ఉంటదా? ఇటు అసాల్ట్, అటు అసాల్ట్. కాంప్రమైజ్ చేస్కోండ్రి. రెండూ క్లోజ్. ఆమె ఇంటికి పోతది, నీ నౌకరి నీకుంటది."

"నేను అడ్జస్ట్ అయిత సార్" అన్నాడు బావ. ఆ మాట ఒక మగవాడి నోట వినడం నాకు అదే మొదలు.

కాంప్రమైజ్ కాగితం ముందే టైపు చేసి ఉంది. అక్క ఎవరినీ ఏమీ అడగకుండా పెన్ను అందుకుంది.

"ఏం జేస్తున్నవ్ అక్కా?"

"నీ నౌకరి పోవద్దే. అమ్మ నీ మీదనే ఉన్నది" అంది, నా మొహం చూడకుండా. "నాకు అలవాటైంది. నేను పోత."

చింత బరిక ముందు నా చెయ్యి చాపినప్పుడు కూడా అంత భయం వేయలేదు. ఆ సంతకం పడితే అక్క సాయంత్రానికి ఆ ఇంట్లో ఉంటుంది. ఈసారి కుక్కర్ మూతతో ఆగదు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, బావకు అందరికంటే బాగా తెలుసు. నేను లామినేషన్ చీటీ మీద చెయ్యి వేసి నా వైపు లాక్కున్నాను.

"సార్, ఈ రాత నాది."

"నీదే గదమ్మా, నువ్వే గద రిజిస్టర్ రాసేది."

"ఇది అబద్ధం సార్. పడ్డదని నాకు ఈయన చెప్పిండు. పడలేదని నాకు తెలుసు. తెలిసే రాసిన."

ఎస్సై టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమంటున్నవో తెలుస్తున్నదా? కొట్టిన కేసు ఒకటి, తప్పుడు రాత ఇంకొకటి. నౌకరి గ్యారంటీగ పోతది."

"తెలుసు."

"మరి ఈమె ఏం చెప్పింది అప్పుడు?"

ఆ మధ్యాహ్నం మొత్తం కళ్ళ ముందు తిప్పి చూసుకున్నాను. బావ మాట ఉంది, అమ్మ మాట ఉంది, డాక్టరు చూపు ఉంది. అక్క మాట ఎక్కడా లేదు.

"ఈమెను అడగలే సార్" అన్నాను.

అప్పుడు అక్క నా వైపు తిరిగింది. కట్టు కింద నుంచి ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది.

"కేసు వద్దంటనని అనుకున్నవా?"

"అవ్."

"నోరు తెరువరాకపోయినా చెయ్యి పట్టి చూపిచ్చేదాన్ని గదనే. గందుకే గద నీ దగ్గరికి తెస్తుంటే కిక్కురుమనకుండ బండెక్కిన. నా చెల్లె ఉన్నది, అడుగుతది అనుకున్న." పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంది. "నువ్వు నన్ను అడగనే లేదు."

ఆ పోడు రైతు భార్య ఉమ్మినప్పుడు బల్ల తుడిచేశారు. దీన్ని తుడవడానికి ఎవరూ రాలేదు.

నా మీద ఇప్పుడు ఎంక్వైరీ నడుస్తోంది. ఈ నెల ఉంటానో వచ్చే నెల ఉంటానో తెలియదు. ఉన్నన్నాళ్ళు మాత్రం, మనిషిని తీసుకొచ్చినవాడు ఎవడైనా సరే, మొగుడైనా, యూనిఫాం అయినా, ముందు గుమ్మం బయట నిలబెడుతున్నాను. తలుపు వేసి, దెబ్బ తిన్న మనిషినే అడుగుతున్నాను. కొందరు చెబుతారు. కొందరు లోపల కూడా స్లిప్ అనే అంటారు. ఆ గడి ఖాళీగా వదిలి, కొంచెం ఆగి మళ్ళీ అడుగుతాను. డాక్టరు విసుక్కుంటున్నాడు, విసుక్కోనీ. అక్క మా గదిలోనే ఉంది. బావ మీద కేసు కోర్టులో ఉంది, నా మీద బావ పెట్టింది కూడా ఉంది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు స్టేషన్‌లో అక్క పెన్ను నా చేతిలో పెట్టింది. టైపు చేసిన కాగితాన్ని తిరగేసింది, వెనక వైపు తెల్లగా ఉంది.

"ఇప్పుడు అడుగు" అంది.

"అక్కా, ఏమైంది?"

చెప్పింది. బావ మధ్యలో "సార్" అని లేవబోతే ఎస్సై కూర్చోమన్నాడు. ఏ రోజు, ఏ కూర పొయ్యి మీద ఉంది, ఏ చీర కట్టుకుంది, ముందు ఏ చెయ్యి లేచింది, పన్ను ఎక్కడ పడింది, దాన్ని ఏ డబ్బాలో దాచింది, అన్నీ చెప్పింది. మొదటి ఏడాది నుంచి చెప్పింది. టీలు చల్లారి మీగడ కట్టాయి. అంత సేపట్లో ఒక్క టెన్షన్ లేదు, ఒక్క అడ్జస్ట్ లేదు. నాకు కళ్ళు మసకబారి పెన్ను ఆగిపోయింది. ఎక్కడి దాకా రాశానో కనపడలేదు.

అక్క నా చెయ్యి మీద తట్టింది. "మల్ల చెప్త, రాస్కో" అంది.